మూగబండి: కుడి అన్న మాట

బుధవారం సాయంత్రం, తోలేవాడు లేని బండిలో కూతురు ఒక్కర్తీ కూర్చుని ఎదురొచ్చిన దగ్గర్నుంచీ దెబోరాకి ఏ పని మొదలుపెట్టినా సగంలోనే చెయ్యి ఆగిపోతోంది. పొయ్యిమీద పప్పు మాడింది. ఆరేసిన బట్టలు వానలో తడిశాయి. కళ్లు మూసుకుంటే చాలు, ఆ సందు, ఆ మసక వెలుతురు, చప్పుడు లేకుండా జారుకుంటూ వస్తున్న ఆ తెల్లబండి, ముందు సీట్లో కాళ్లాడిస్తూ నాలుగేళ్ల లోయిస్. పిల్లని ఎలా దించిందో, బండిని ఎవరాపారో ఆమెకి గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. లోయిస్ నవ్వుతూ అన్న మాట.

"పెదనాన్న కుడికి తిప్పమన్నాడమ్మా."

ఆ పెదనాన్న ఎలీయాజరు గంగలో పడి పోయి నాలుగేళ్లు దాటింది. లోయిస్ అప్పటికి కడుపులో ఉంది.

బండి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్కమాట. బెంగాలులో, బడ్జ్ బడ్జ్ అనే ఊళ్లో నది ఒడ్డున ఉన్న ఆ జనపనార మిల్లుకి పూర్వం ఒక స్కాచి దొర మేనేజరుగా ఉండేవాడు. పచ్చికమీద కర్రతో చిన్నబంతిని కొడుతూ మైళ్లకి మైళ్లు నడిచే గాల్ఫ్ ఆట అంటే ఆయనకి ప్రాణం. మోకాళ్లు పట్టేశాక నడవలేక ఓడమీద ఈ బ్యాటరీ బండి తెప్పించుకున్నాడు. దొర తన దేశం పోయాడు, ఆటస్థలంలో కొత్త గోదాములు లేచాయి, బండి మాత్రం మిగిలింది. మిల్లు కాలనీ రోడ్లమీద రోగుల్ని, ముసలివాళ్లని, ఆఫీసు కాగితాల్ని మోయడానికి దాన్ని పెట్టారు. దానికి ఇంజను లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. వీపు వెనక్కి వచ్చి నిలబడేదాకా వచ్చినట్టు తెలియదు. మిల్లు పనికి వలస వచ్చిన తెలుగువాళ్లు దానికి మూగబండి అని పేరు పెట్టుకున్నారు.

చప్పుడు లేని బండి కాబట్టి దానికి చట్టాలు ఎక్కువ. గేటు దగ్గర బల్లమీద ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ రాసి ఉంటాయి. ఎనిమిది మైళ్ల వేగం దాటకూడదు. ప్రతి మలుపులోనూ గంట కొట్టాలి. నడిచేవాళ్లకే ముందు దారి. పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు, ఒళ్లో అసలే పెట్టుకోకూడదు. దిగేటప్పుడు టక్కుమని పట్టేదాకా బ్రేకు తొక్కి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ దిగాలి. దెబోరా భర్త కృపాకర్ ఆ బండి డ్రైవరు. వాడికి చదువు రాదు. అన్న ఎలీయాజరు పాటలాగా వల్లించి నేర్పిన చట్టాలే వాడికి తెలిసినవి. అన్న తరవాత ఆ సీటు తమ్ముడికి వచ్చింది. అన్నని మింగిన బండినే తాళ్లేసి నదిలోంచి లాగి, ఎండబెట్టి, కొత్త బ్యాటరీలు వేసి తమ్ముడి చేతికి ఇచ్చారు. బండి దొరికింది గాని మనిషి దొరకలేదు. తాగి తోలాడని ఆఫీసు కాగితంలో రాశారు.

బుధవారం జరిగినదానికి కృపాకర్ దగ్గర జవాబు ఉంది. గుమాస్తా ఇంటి ముందు ఆపి కాగితాలివ్వడానికి దిగాడు, తాళంచెవి తియ్యడం మరిచిపోయాడు, పిల్ల ఎప్పుడెక్కిందో, ఎక్కడ కాలు పెట్టిందో బండి కదిలింది. అంతే. మరి కుడికి తిప్పమన్నదెవరని అడిగితే వాడు మొహం అటు తిప్పుకుని, పిల్లల మాటలకి అర్థాలు వెతక్కన్నాడు. ఇంకెప్పుడూ పిల్లని ఆ బండి ఎక్కించనని బైబిలు మీద చెయ్యేసి చెప్పాడు.

ఆ మాట రెండు రోజులు నిలిచింది.

శుక్రవారం పొద్దున్నే కంపౌండరు మనిషి వచ్చి, అయిదేళ్లలోపు పిల్లలందరికీ మశూచి టీకాలు వేస్తారని చెప్పి వెళ్లాడు. మూడు రోజులుగా కాలం కాని వాన. కాలనీ సందుల్లో మోకాలి లోతు బురద. పిల్లల్ని నలుగురేసి చొప్పున బండిలో తీసుకురమ్మని కృపాకర్‌కి ఆర్డరు. ఏక్‌బాల్‌పూర్‌లో దెబోరా పినతల్లి ఉండే సందులో అప్పటికే రెండిళ్లలో పిల్లలు మంచం పట్టారని కబురొచ్చింది. దాన్ని అమ్మవారనకూడదని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటే నోటికి వస్తుంది. ఒకవైపు మశూచి, ఒకవైపు మూగబండి. ఏ భయం పెద్దదో తూచుకోలేక దెబోరా మధ్యాహ్నం దాకా కూతుర్ని చంకలోంచి దించలేదు.

చివరికి మూడు గంటలకి దించింది. పక్కిళ్ల పిల్లలు ముగ్గురితో కలిపి వెనకబల్లమీద లోయిస్‌ని తనే కూర్చోబెట్టి, పైట చెంగుతో నలుగురినీ కలిపి కట్టినంత పని చేసింది. భర్త చేత చట్టాలన్నీ వరసగా చెప్పించుకుంది, ఆదివారం బడిలో వాక్యం అప్పజెప్పించుకున్నట్టు. వాడు నవ్వుతూనే చెప్పాడు. బండి చప్పుడు లేకుండా మలుపు తిరిగింది. మలుపులో గంట మోగింది. ఆ తరవాత వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇంట్లోకి వచ్చేసరికి తోడికోడలు డోర్కాస్ పీటమీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎలీయాజరు భార్య. భర్త పోయాక వీళ్ల దగ్గరే ఉంటోంది. మాట తక్కువ మనిషి. చేటలో బియ్యాన్ని వేలితో జరుపుతూ, జరుపుతూ, ఒక్కోసారి ఖాళీ చేటని కూడా అలాగే జరుపుతూ కూర్చుంటుంది. ఆ మౌనం ఇన్నాళ్లూ దెబోరాకి జాలి పుట్టించేది. ఈ రెండు రోజులుగా ఒళ్లు మండిస్తోంది. ఎందుకంటే బుధవారం నాటి మాట పిల్ల నోట్లో ఎవరు పెట్టారన్నది ఆమెకి దాదాపు తెలిసిపోయింది.

తలుపు దగ్గరే నిలబడి, కూర్చోకుండా అడిగేసింది.

"అక్కా, నీకూ నాకూ పేచీ ఏటీ లేదు. పిల్లకి బావగారి కబుర్లు చెప్తన్నావేటి?"

డోర్కాస్ తలెత్తలేదు. చెప్పటం లేదంది. నాలుగేళ్లలో ఆ పేరు తన నోట వచ్చింది ఎన్నిసార్లో నువ్వే లెక్క చెప్పమంది. అది నిజమే. నిజమైనకొద్దీ దెబోరాకి కోపం పెరిగింది. నువ్వు చెప్పకపోతే పుట్టకముందు పోయిన మనిషిని పిల్ల పెదనాన్న అని ఎలా అంటుందని నిలదీసింది. నీ దుఃఖం నీది, దాన్ని నా బిడ్డ నెత్తిన పెట్టొద్దంది. ఆ మాట అన్న తరవాత తనకే నోరు చేదయింది.

డోర్కాస్ చేట కింద పెట్టింది.

"కుడి అన్నదా పిల్ల? ఆ మాటే అన్నదా?"

"ఆ మాటే. కుడికి తిప్పమన్నాడని."

బయట చూరు నీళ్లు బొట్టుబొట్టుగా రేకు బకెట్లో పడుతున్నాయి. డోర్కాస్ మొదలుపెట్టింది. ఎవరికో చెబుతున్నట్టు కాదు, చేటలో బియ్యం ఏరుతున్నట్టే, ఒక్కొక్క గింజా.

ఆ రోజు కూడా ఇలాంటి వానేనట. నదిలో బాన్ వచ్చే రోజులు. పున్నమికీ అమావాస్యకీ సముద్రం నదిలోకి ఎదురెక్కి గోడలాగా వస్తుంది, వచ్చి ఒడ్డు అడుగున మట్టిని తవ్వుకుపోతుంది. పైకి గడ్డి కనిపిస్తుంది, కింద ఏమీ ఉండదు. కాలనీ పెద్దరోడ్డు చివర రెండుగా చీలుతుంది. ఎడమ పాయ ఆస్పత్రికి, కుడి పాయ పాత జెట్టీకి. జెట్టీ వైపు ఒడ్డు కోసుకుపోతోందని ఆ పొద్దున్న హెడ్ మిస్త్రీ ఎలీయాజరుని పిలిచి కొత్త చట్టం చెప్పాడట. మూడుసార్లు చెప్పి, మూడుసార్లు తల ఊపించుకున్నాడట.

"మధ్యాన్నం అన్నానికొచ్చి ఒకటే నవ్వు మీ బావ," అంది డోర్కాస్. "ఇన్నేళ్లకి ఈ బెంగాలీ బాబులు మన మాట నేర్చుకున్నారే, నాకోసం తెలుగులో చెప్పినాడే మిస్త్రీ అని. కంచం ముందు కూర్చుని అదే పాట. కుడితే థామ్‌బే, ఘొంటా దేబే. కుడితే థామ్‌బే, ఘొంటా దేబే. కుడి కాడ ఆగాలి, గంట కొట్టాలి. అలగే మజ్జిగ పోసుకున్నాడు, అలగే చెయ్యి కడుక్కున్నాడు."

సాయంత్రం కుడికి తిరిగాడు. ఆగాడు. గంట కొట్టాడు. గంట మోగుతుండగానే ఒడ్డు దిగిపోయిందని, నీళ్లలోకి పోయాక కూడా మోగిందని, చూసినవాళ్లు చెప్పారు. ఆఫీసువాళ్లు డోర్కాస్‌ని పిలిచి, జెట్టీ దారి వెళ్లొద్దని చెబితే ఏరికోరి అటే వెళ్లాడు, తాగకపోతే ఎందుకు వెళతాడని అడిగారు. గుడిలో పెద్దగా ఉన్న మనిషి, జన్మలో కల్లు ముట్టని మనిషి.

"వెళ్లొద్దన్న దారికి ఎందుకెళ్లినాడో నాకూ తెలీదు పిల్లా. నాలుగేళ్లూ అదే ఏరుకుంటన్నాను."

దెబోరా గోడకి చేరగిలబడింది. కోపం ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు. ఆ స్థానంలో ఇంకేదో, సన్నగా, తడి నేలమీద పాములాగా కదులుతోంది. కుడితే థామ్‌బే. థామ్‌బే అంటే ఆగు. దేబే అంటే ఇయ్యి. అన్నీ బెంగాలీ మాటలే. బెంగాలీ మాటల నడుమ ఒక్క తెలుగు మాట ఎందుకుంటుంది?

అంతలో వీధి తలుపు దగ్గర గొడుగు ముడిచిన చప్పుడైంది. నీహార్ మాసి. పక్క బస్తీ నుంచి గంపలో పిడకలు తెచ్చి ఇళ్లవెంట అమ్ముకునే ముసలమ్మ. వానకి గంపమీద తార్పాలిన్ ముక్క కప్పి, అరుగుమీద దించి, వంగినదల్లా వంగే ఉండి, ప్రతి శుక్రవారం అడిగే మాటే అడిగింది.

"కొయ్ కుడి దేబో, బౌమా?"

ఎన్ని కుడులు ఇవ్వమంటావు కోడలా.

దెబోరా నోరు తెరిచింది. రెండు కుడులు అని చెప్పబోయింది, ప్రతి వారం చెప్పినట్టే. డోర్కాస్ వైపు చూసింది. డోర్కాస్ అప్పటికే తనవైపు చూస్తోంది. ఆ ముఖంలో రక్తం లేదు.

కుడి అంటే ఇరవై. బెంగాలీ ఆడవాళ్లు పిడకలైనా తమలపాకులైనా అలాగే లెక్కపెడతారు, ఒక కుడి, రెండు కుడులు. ఈ ఇంటి ఆడవాళ్లిద్దరూ అరుగుమీద నిలబడి ఆ మాట వెయ్యిసార్లు అన్నారు. మగవాళ్లకి ఆ మాటతో పనిలేదు. మిల్లులో లెక్కంతా హిందీ. అక్కడ ఇరవై అంటే బీస్. పిడకలు కొనే మగవాడు ఈ కాలనీలో ఎవడున్నాడు? ఇళ్లకి నంబర్లున్న సంగతే వాళ్లకి పట్టదు. పెద్దదొర బంగళా, డాక్టరుబాబు బంగళా, పావురాల బంగళా, అంతే. పెద్దరోడ్డు చివర, దారి చీలకముందు, ఎన్నేళ్లుగానో ఖాళీగా పడి ఉన్న ఆఖరి బంగళా గేటు స్తంభం మీద మాత్రం నల్లరంగుతో రాసి ఉంటుంది. ఇరవై.

ఇరవై దగ్గర ఆగాలి. గంట కొట్టాలి. ఆపైన వెళ్లకూడదు. మిస్త్రీ చెప్పింది అదీ.

"తాగలేదు," అంది డోర్కాస్. గొంతు ఆమెది కానట్టుంది. "చెప్పినట్టే చేసినాడు. మాట విన్నాడు పిల్లా, మాట విన్నందుకు పోయినాడు." రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. నాలుగేళ్ల తరవాత ఆ ఇంట్లో ఆమె ఏడుపు మొదటిసారి పైకి వినిపించింది. నీహార్ మాసి ఏం జరిగిందో తెలియక, పిడకలు తడిసినందుకు కాబోలనుకుని, పైవి తీసేసి అడుగువి ఇస్తానంటోంది.

దెబోరా వెళ్లి తోడికోడలి భుజం పట్టుకుంది. ఓదార్చడానికే పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

"అక్కా. టీకాలు ఎక్కడేస్తన్నారు?"

డోర్కాస్ ఏడుపు ఆగిపోయింది.

"ఎక్కడికి తీసుకెళ్లినాడు పిల్లల్ని? నీకు చెప్పినాడా?"

చెప్పాడు. మధ్యాహ్నం అన్నానికొచ్చి పోతూ, దెబోరా లోపలుండగా, గుమ్మం దగ్గర వదినకి చెప్పి మరీ వెళ్లాడు. కంపౌండరుబాబు కుడితే అన్నాడని, జెట్టీ వైపు అయి ఉంటుందని, డాక్టర్లు లాంచీలో దిగుతారు కాబట్టి అక్కడే పెట్టారు కాబోలని. ఇప్పుడు ఒడ్డుకి ఇటుకలు కట్టారు గదా, భయం లేదన్నాడు. వింటూనే వద్దని అనబోయింది. కానీ దెబోరాకి చెబితే పిల్లని పంపదు, పంపకపోతే మశూచి. అందుకని నోరు మూసుకుంది.

ఇవన్నీ డోర్కాస్ వీధిలోకి చెప్పింది. దెబోరా అప్పటికే గుమ్మం దాటి వానలో ఉంది.

చెప్పులు మొదటి సందులోనే బురదలో దిగిపోయాయి. పెద్దరోడ్డు నిర్మానుష్యంగా ఉంది. వానకి కిటికీలన్నీ మూసుకున్న బంగళాలు, రెండు పక్కలా, కళ్లు మూసుకుని వింటున్న మనుషుల్లాగా. ప్రభువా, ప్రభువా అనుకుంటోంది గాని ఆ తరవాతి మాట రావటం లేదు. ఎప్పుడూ లేనిది ఈ రోజు గేటు స్తంభాల మీద అంకెలన్నీ కనిపిస్తున్నాయి. పదకొండు. పదమూడు. ఎదురుగా మూగబండి వస్తున్నా తనకి వినపడదు, దూరంగా పోతున్నా వినపడదు. ఆ బండి తన పిల్లతో ఎక్కడుందో చెప్పే చప్పుడు లోకంలోనే లేదు. అంతకంటే భయం ఇంకోటి లేదనిపించింది. పదిహేడు. నది వైపు నుంచి ఒక హోరు మొదలైంది. బాన్.

ఇరవై నంబరు గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో కిరసనాయిలు స్టవ్‌మీద సూదులు మరుగుతున్నాయి. కంపౌండరు వీధికి వీపు పెట్టి వత్తి సవరిస్తున్నాడు. పరుగెత్తుకొచ్చిన మనిషిని చూసి విసుగ్గా అడిగాడు, పిల్లలేరీ, బండేదీ అని. ఇందాక గంట వినిపించిందట. లేచి చూస్తే రోడ్డుమీద ఏమీ లేదట.

ఆమె అప్పటికే వెనుదిరిగింది. ప్రహరీ వెంట పరుగెత్తి, చీలిక దగ్గర కుడికి తిరిగింది.

బండి ఉంది.

జెట్టీ దారి వాలులో, నీటివైపు మొహం పెట్టి నిలబడి ఉంది. దానికి పది అడుగుల ముందు దారి లేదు. ఇటుక కట్టు ఉండాల్సిన చోట ఎర్రమట్టి అంచు, అంచు కింద సుడి తిరుగుతున్న నీళ్లు. కృపాకర్ వెనకనుంచి బండిని రెండు చేతులా పట్టుకుని, మడమలు బురదలో దిగేసి లాగుతున్నాడు. వెనకబల్లమీద పిల్లలు ఒకరినొకరు కరుచుకుని గుక్కపట్టి ఏడుస్తున్నారు. దెబోరా వెళ్లి ఒక్కొక్కళ్లనీ కిందికి లాగింది. ఒకటి. రెండు. మూడు.

మూడే.

"లోయిసేదీ?"

కృపాకర్ బండి వదిలి, రొప్పుతూ నేలమీద కూలబడ్డాడు. మొహం సున్నంలా ఉంది. కట్టు తన కళ్లముందే దిగిపోయిందన్నాడు. చీలిక దగ్గర ఆ కాస్సేపు ఆగకపోయి ఉంటే అందరం దానిమీదే ఉండేవాళ్లమన్నాడు. లోయిస్‌ని దించడానికి ఆగబట్టే బతికామన్నాడు.

"ఎందుకు దించినావు? ఎక్కడ దించినావు?"

వాడు అర్థం కానట్టు ఆమె మొహంలోకి చూశాడు. తడిసి ఒంటికి అతుక్కున్న చీరని, బురద కాళ్లని, ఎగసిపడుతున్న గుండెని చూశాడు.

"అదేటే. ఆ బంగళా గేటు కాడ నిలబడి నువ్వే పిలిచినావు గదా. లోయిసమ్మా, నువ్వు దిగి నాకాడికి రా అని. నీ గొంతే. పిల్ల నవ్వుకుంటా దిగి నీ కాడికి పరిగెట్టింది."

చీలిక నుంచి ఆ గేటుకి ముప్పై అడుగులు. ఒకపక్క బంగళా ప్రహరీ, ఇంకోపక్క మిల్లు గోడ, రెండూ నిలువెత్తువి. దెబోరా ఆ ముప్పై అడుగులూ ఇప్పుడే పరుగెత్తుకుంటూ వచ్చింది. దారిలో ఎవరూ లేరు.